కోలాచ్ ఒప్పందం

నవంబర్ 4

డాక్టర్ మాట మీద రాస్తున్నాను, సరదా కొద్దీ కాదు. రక్తపోటు నూట డెబ్బై దాటిందట. "కోచ్, మీరు అరవడం తగ్గించాలి" అన్నాడు. నేను అరవడం మానేస్తే మా కుర్రాళ్లు నేను పోయాననుకుని పూలు తెస్తారన్నాను. "అయితే కోపం వచ్చినప్పుడల్లా కాగితం మీద పెట్టండి. ఎవరికీ చూపించక్కర్లేదు" అన్నాడు. డీ వెంటనే నోటుబుక్కు కొనుక్కొచ్చింది. రెండొందల పేజీలది. నా కోపం కొలతలు నా పెళ్లానికి బాగా తెలుసు.

సరే, పెడుతున్నాను. ఇరవై ఏడేళ్లుగా మా కుస్తీ గదిలో రెండు మ్యాట్లు పట్టేవి. పోయిన వారం మధ్యలో గోడ లేపారు. ఇప్పుడు ఒకటే పడుతుంది. గోడ అవతల ఫుట్‌బాల్ ఆటగాళ్లు ప్రకటనలు తీసుకునే స్టూడియో. పెద్ద పెద్ద లైట్లు, ఆకుపచ్చ తెర, గిర్రున తిరిగే కుర్చీ. ఈ రోజు మావాడొకడు వీపు మీద పడి ఊపిరి అందక మూలుగుతుంటే అవతలి నుంచి ఒక పిల్ల వచ్చి, "కాస్త మెల్లగా మూలుగుతారా? రికార్డింగ్ జరుగుతోంది" అంది. 

ఆటగాళ్లకు డబ్బివ్వద్దని నేననను. ఇది ఇక్కడ రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే అరుస్తున్నప్పుడు ఈ మాట మర్చిపోతాను. నా రోజుల్లో కాలేజీ మా చెమటకి టిక్కెట్టు పెట్టి అమ్ముకుంది. నాకు మిగిలింది నలిగిపోయి ముద్దలైన ఈ రెండు చెవులు. ఇప్పుడు ఫుట్‌బాల్ కుర్రాళ్లు స్టేడియం నింపుతున్నారు, కాలేజీ తన ఆదాయంలో వాళ్లకి వాటా ఇస్తోంది. ఇవ్వాల్సిందే. కానీ ఆ వాటా ఎవరి కంచంలోంచి తీస్తున్నారు? కొత్త స్కోర్‌బోర్డులోంచి కాదు. మా పెద్ద ఎల్డ్రిడ్జ్ జీతంలోంచి అసలే కాదు. మా కంచంలోంచి, ఈత పిల్లల కంచంలోంచి, టెన్నిస్ అమ్మాయిల కంచంలోంచి. ఒళ్లు మండిపోతోంది.

డాక్టర్ చెప్పింది అబద్ధం. రాస్తే ఇంకా పెరుగుతోంది.

నవంబర్ 11

ఎల్డ్రిడ్జ్ పిలిచాడు. క్రీడా విభాగం మొత్తానికి పెద్ద. నలభై కూడా నిండలేదు. గొంతెప్పుడూ లేవదు, అదే నాకు మంట.

"కోచ్, మీ మీద నాకెంత గౌరవమో మీకు తెలుసు."

"విషయం చెప్పు."

"ఈ కొత్త పరిస్థితుల్లో ప్రతి ఆటా తన కాళ్ల మీద తను నిలబడుతుందని చూపించుకోవాలి. మీ కుర్రాళ్లలో ఎవరికైనా ఒక్క ప్రకటన ఒప్పందం ఉందా? ఒక్కటి?"

మావాళ్ల మొహాలు గుర్తు చేసుకున్నాను. విరిగిన ముక్కులు, వాచిన కళ్లు. "మా మొహాలు పెట్టి ఏం అమ్ముతారయ్యా? బ్యాండేజీలా?"

నవ్వాడు. వాడి నవ్వు కూడా కొలిచి పెట్టినట్టుంటుంది. "ప్రయత్నించండి. కాలేజీ బోర్డు ఏప్రిల్‌లో అన్నీ పరిశీలిస్తుంది. ఏదో ఒకటి చూపించగలిగితే నేను మీ తరఫున మాట్లాడతాను."

అంటే జట్టు మెడ మీద కత్తి పెట్టి, ఆ మెడ కాపాడుకోవడానికి ప్రకటనొకటి తెచ్చుకోమన్నాడు. గంగిరెద్దులా తలూపి వచ్చాను. అదీ నాకు కోపం.

నవంబర్ 14

హవ్లిచెక్ బేకరీకి వెళ్లాను. మార్టాకి డెబ్బై నాలుగు. ముప్ఫై ఏళ్లుగా మా ఊళ్లో జరిగే కుస్తీ పోటీ ఒక్కటి కూడా తప్పలేదు. పోటీ రోజు పొద్దున బరువు తూకం అయిపోగానే మా కుర్రాళ్లకి ఒక పెట్టెడు కోలాచ్‌లు పంపుతుంది. మధ్యలో గుంట చేసి గసగసాల ముద్దో, ఆప్రికాట్ జామో పెట్టి కాల్చిన మెత్తటి రొట్టెలు. వారమంతా కడుపు మాడ్చుకున్నవాడు తూకం దిగి ఆ రొట్టె కొరికితే వాడి మొహం చూడాలి. అందరికీ నేను కోచ్‌ని, ఆవిడకి మాత్రం గెరిట్‌ని. నేను మార్టాని ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఈ రోజు అడిగాను.

"ఒప్పందమా? పోయినేడు ఒక ఫుట్‌బాల్ వాడితో చేశానుగా" అంది పిండి చేతులు తుడుచుకుంటూ. "కెమెరా ముందు ఒక్క కొరుకు కొరికి, ఆహా అని, మిగతాది చెత్తబుట్టలో పడేశాడు. మా అమ్మ చేతి వంట అది, గెరిట్! మంచులో ఓడెక్కి ఈ దేశానికి వస్తూ ఆవిడ తెచ్చుకున్నది ఒక్క ఆ చెయ్యే."

"మా కుర్రాడు అలా చేయడు."

"ఎవర్ని ఇస్తావు?"

"మైకాని."

ఆవిడ మొహం విప్పారింది. "ఆ నూట ఇరవై అయిదు పౌన్ల పిట్టనా? సరే. కానీ ఒక్కటే షరతు. ప్రతి శుక్రవారం ఒక కోలాచ్, మొత్తం తినాలి. మింగాలి. నా కళ్లకి కనపడాలి."

ఒప్పుకున్నాను. మైకాని అడక్కుండానే.

నవంబర్ 15

మైకాకి చెప్పాను. మూడో సంవత్సరం. తల్లి స్కూలు బస్సు నడుపుతుంది. నా దగ్గరికి వచ్చినప్పుడు చెంబుకి చేతులు అతికించినట్టుండేవాడు. ఇప్పుడు రాష్ట్రంలో ఆ బరువులో వాణ్ణి కిందపడేసే వాళ్లు ఇద్దరో ముగ్గురో. మార్చిలో ప్రాంతీయ పోటీలో మొదటి ముగ్గురిలో ఒకడిగా నిలిస్తే జాతీయ పోటీకి వెళతాడు. మా కాలేజీ నుంచి పదకొండేళ్లుగా ఎవడూ వెళ్లలేదు.

"కోచ్, బరువు దింపుకునేవాడికి రొట్టెల ప్రకటనా?" అని పగలబడి నవ్వాడు. "చేపకి గొడుగు అమ్మినట్టుంది."

"వద్దంటే వద్దను."

"జట్టు నిలబడుతుందంటారా?"

"నిలబడొచ్చు."

"అయితే ఎందుకొద్దు? మామ్మ రొట్టెలేగా."

వాడే ఒప్పుకున్నాడు. నేను బలవంతం చేయలేదు.

నవంబర్ 23

శుక్రవారం మొదటి వీడియో తీశాం. మైకా ఒక పక్క తక్కెడ, ఒక పక్క కోలాచ్ పెట్టుకుని రెండిటితోనూ మాట్లాడాడు. "చూడు తక్కెడా, నువ్వు నా మొదటి భార్యవి, ఈవిడ రెండోది, మీరిద్దరూ కొట్టుకోకండి" అని. వెధవకి ఇంత వెటకారం ఉందని మూడేళ్లలో నాకే తెలీదు. తెల్లారేసరికి లక్ష మంది చూశారు.

ఒక కోలాచ్ అంటే మూడో వంతు పౌను. దానికి తోడు అందులో చక్కెర ఒంట్లో నీళ్లు పట్టి ఉంచుతుంది. మర్నాడే పోటీ, తూకంలో నూట ఇరవై అయిదు పౌన్లు దాటితే ఆడనివ్వరు.

నేను ఉమ్మెయ్యమనలేదు. కాగితం గ్లాసు చూపించానంతే. కుస్తీ వాళ్లకి అదేమీ కొత్త కాదు. దాహమేస్తే నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తాం, నోరూరితే నమిలి ఉమ్మేస్తాం, ఉమ్మి ఉమ్మి ఆఖరి పావు పౌను దింపుతాం. మేమంతా అలాగే పెరిగాం. కెమెరా ఆగాక వాడు గ్లాసులోకి ఉమ్మేశాడు. ముక్క కూడా మింగలేదు. శనివారం గెలిచాడు.

డిసెంబర్ 12

గోడ అవతల ఫుట్‌బాల్ జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ కొత్త ట్రక్కు ముందు నిలబడి "కష్టపడితే ఏదైనా సాధ్యం" అని పదిహేడుసార్లు చెప్పాడు. లెక్కపెట్టాను. పద్దెనిమిదోసారి గోడ మీద గుద్దాను.

జనవరి 9

లోనీకి మెడ నరం దెబ్బతింది. ఇక ఆడకూడదన్నారు. ఈ రోజు ప్రాక్టీసు చివర వాడు మ్యాట్ నడిమధ్యకి వెళ్లి, షూలు విప్పి, పక్కపక్కన పెట్టి, మేజోళ్లతో బయటికి నడిచాడు. కుస్తీ మానేసేవాడు అలాగే మానేస్తాడు. షూలు ఎవరివి వాళ్లే పెట్టాలి. ఇంకొకడు ముట్టుకోడు. అందరం నిలబడి చూశాం. మైకా ఏడ్చాడు. నేను ముక్కు చీదుకున్నాను, అది జలుబు.

నా షూలు ఇంకా నా కాళ్లకే ఉన్నాయి. నీలం రంగువి, పాతవి. రోజూ తలుపు పక్క అరలో పెట్టి ఇంటికి వస్తాను. ఇరవై రెండేళ్లప్పుడు నా ఆట అయిపోయిన రోజు విప్పాల్సింది, విప్పలేదు. కోచ్‌నయిపోయాను.

జనవరి 23

బేకరీ ముందు శుక్రవారాలు వీధి మలుపు దాకా వరస. మార్టా తలుపు మీద మైకా బొమ్మ అంటించింది. ఎల్డ్రిడ్జ్ కారిడార్‌లో ఆపి, "చాలా ప్రోత్సాహకరంగా ఉంది కోచ్" అన్నాడు. నాకు సంతోషమేసింది. వాడి నోటి మాటకి నాకు సంతోషమేసిందని నా మీద నాకే అసహ్యమేసింది.

ఫిబ్రవరి 12

ఎల్డ్రిడ్జ్ గదికి వెళ్లాను. మాట్లాడాం. తర్వాత రాస్తాను.

ఫిబ్రవరి 13

కాఫీ మెషీన్ పనిచేయలేదు. కాలితో తన్నాను. బొటనవేలు వాచింది. కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు.

"నిన్న ఎల్డ్రిడ్జ్ ఏమన్నాడు కోచ్?" అని మైకా అడిగాడు.

"ఏప్రిల్‌లో చెప్తారు" అన్నాను. అబద్ధం కాదు. ఏప్రిల్‌లోనే చెప్తారు.

ఫిబ్రవరి 17

మంచు. పార్కింగ్‌లో నా స్థలంలో ఎవడిదో పసుప్పచ్చ స్పోర్ట్స్ కారు. పందొమ్మిదేళ్ల ఫుట్‌బాల్ వాడిదట. ఆ కారు అద్దం మీద ఇంకాస్త మంచు ఎత్తి పోశాను. ఈ వయసులో ఇలాంటి పనులు.

మైకా ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే గానీ రాడు, తల్లి పెంపకం.

"కోచ్, ఒక మాట. పశ్చిమాన ఒక కాలేజీ వాళ్లు తెలిసినవాడి ద్వారా కబురు పెట్టారు. వచ్చే ఏడు వాళ్ల దగ్గర నా బరువులో ఖాళీ ఉందట. పూర్తి స్కాలర్‌షిప్. నెలాఖరులోగా అవునో కాదో చెప్పమంటున్నారు. లేకపోతే ఇంకొకణ్ణి తీసుకుంటారట."

"నీకేమనిపిస్తోంది?"

"నేను పోతే ఈ వీడియోలు పోతాయి. ఏప్రిల్‌లో మీరు చూపించడానికి ఏమీ ఉండదు. నాతో పాటు ఇరవై ఆరు మంది ఉన్నారు."

నేను కిటికీలోంచి పసుప్పచ్చ కారు చూస్తున్నాను. "నీ ఇష్టం" అన్నాను. తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. "జట్టు నీ మీద నిలబడి ఉందన్నది మాత్రం నిజం."

"అయితే ఉంటాను" అన్నాడు.

వాడి నిర్ణయం. ఇరవై ఒక్కేళ్లు వచ్చాయి, చిన్నపిల్లాడు కాదు.

ఫిబ్రవరి 18

డీ అడిగింది: "ఆ నోటుబుక్కులో నిజమే రాస్తున్నావా, అక్కడా అరుస్తున్నావా?" 

చెత్త బయట పెట్టడానికి వెళ్లాను.

మార్చి 3

కొంప మునిగింది. స్టూడియోలో పనిచేసేవాడెవడో గోడ సందులోంచి వీడియో తీసి నెట్‌లో పెట్టాడు. మైకా నవ్వుతూ కోలాచ్ నమలడం, కెమెరా ఆగగానే గ్లాసులోకి ఉమ్మడం. ఊరంతా చూసింది. కింద ఎవడో రాశాడు: "డబ్బు మింగుతారు, రొట్టె ఉమ్ముతారు." ఆ రాసినవాణ్ణి మ్యాట్ మీదికి తెస్తే రెండు నిమిషాల్లో వాడి నోట్లో మన్ను కొట్టిస్తాను.

కుర్రాళ్లకి ఇందులో తప్పేముందో అర్థం కాలేదు. "తూకం ముందు అందరం ఉమ్ముతాం కదా" అంటున్నారు. నాకూ మొదట అలాగే అనిపించింది. అదే మా బుద్ధి. మాకు ఉమ్మడమంటే పని. ఆవిడకి అది వాళ్లమ్మ.

మార్చి 4

మైకాని తీసుకుని బేకరీకి వెళ్లాను. తలుపు మీద బొమ్మ లేదు. జిగురు మరక మిగిలింది.

మార్టా అరవలేదు. అరిస్తే నాకు తెలుసు ఏం చేయాలో. 

"ఎన్నిసార్లు?" అంది.

"ప్రతిసారీ, మామ్మా" అన్నాడు మైకా. "పదిహేను శుక్రవారాలూ."

"ఆ ఫుట్‌బాల్ వాడు ఒక్క కొరుకైనా మింగాడు రా."

మైకా తల దించుకున్నాడు. గ్లాసు సంగతి నాదని నేను చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "వాడు బరువు చూసుకోవాలి మార్టా, వాడి తప్పు కాదు" అన్నాను. అది సగం.

ఆవిడ నా వంక చూడనే లేదు. "రేపు మధ్యాహ్నం ఊళ్లోవాళ్లందర్నీ పిలుస్తాను. అందరి ముందూ తింటే నా కొట్టు బోర్డు మీద ఉమ్మి పోతుంది. లేకపోతే ఒప్పందం చింపేయ్ గెరిట్, నాకేం బాధ లేదు."

బాధ ఉంది. గొంతులో తెలుస్తోంది.

బయటికి వచ్చాక మైకా అడిగాడు. "శనివారం పొద్దున తూకం కోచ్. ఇప్పుడే మూడు పౌన్లు ఎక్కువున్నా. తినొచ్చా?"

అప్పుడు చెప్పాల్సింది. చింపేయమని చెప్పాల్సింది. దానికి ఇక విలువేమీ లేదని

కలం ఆగింది. రేపు రాస్తాను.

మార్చి 5

తిన్నాడు. మూడు. గసగసాలది, ఆప్రికాట్‌ది, జున్నుది. ఒక్కటి తింటే చాలనుకున్నాను, జనంలో ఎవడో "ఇంకోటి! ఇంకోటి!" అని మొదలుపెట్టాడు. మైకా నా వంక చూశాడు. నేను తలూపాను. మూడోది మింగేటప్పుడు వాడి కళ్లలో నీళ్లు. మార్టా కౌంటర్ దాటి వచ్చి నుదుటి మీద ముద్దు పెట్టింది. "ఇప్పుడు నా మనవడివి" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. 

ఎలాగో ఒకలా వాడు దింపుకుంటాడు. ఇంతకంటే ఎక్కువ దింపిన రోజులున్నాయి.

మార్చి 6

ఇంకా ఒకటిన్నర పౌన్లు దిగాలి. పొద్దున్నించీ సైకిల్ మీదే ఉన్నాడు. పెదాలు పగిలాయి. నీళ్లు లేవు. "లాలాజలం కూడా రావట్లేదు కోచ్, ఉమ్మడానికి" అని నవ్వబోయాడు. చెమట పట్టించే రబ్బరు సూటు వేసుకుంటానన్నాడు. అది నిషేధం, పిల్లలు చచ్చారు దానితో. వాడి మీద కేకలేశాను. అంతలా ఎందుకు అరిచానో నాకే తెలీదు. వాడు బిత్తరపోయాడు.

మార్చి 7

నూట ఇరవై అయిదు పాయింట్ మూడు.

బట్టలన్నీ విప్పి ఎక్కాడు. దిగి, ఊపిరంతా వదిలి మళ్లీ ఎక్కాడు. పాయింట్ మూడు. తక్కెడ దగ్గరి మనిషి నాకు పాతికేళ్ల స్నేహితుడు. తల అడ్డంగా ఊపి పేరు మీద గీత కొట్టాడు. ప్రాంతీయ పోటీ లేదు, జాతీయ పోటీ లేదు. ఒక్క కోలాచ్ బరువు.

నేను తూకం బల్లని గుద్దాను. తక్కెడ సరిగా లేదన్నాను. ఎల్డ్రిడ్జ్‌ని తిట్టాను, జనంలో "ఇంకోటి" అని అరిచినవాణ్ణి తిట్టాను, సందులోంచి వీడియో తీసినవాణ్ణి తిట్టాను, మార్టాని కూడా తిట్టాను. ఇద్దరు పట్టుకుని బయటికి తీసుకెళ్లారు.

మైకా బస్సులో కూర్చుని ఉన్నాడు. మార్టా ఎప్పటిలాగే పంపిన పెట్టె వాడి ఒళ్లో ఉంది.

"ఇప్పుడు మింగొచ్చు కదా కోచ్" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను.

"పర్లేదు. నాకింకో ఏడాది ఉంది. జట్టు నిలబడితే వచ్చే మార్చిలో చూసుకుందాం" అన్నాడు. నాకొక కోలాచ్ ఇచ్చాడు. తిన్నాను. ఇరవై ఏడేళ్లలో దాని రుచి తెలియంది ఈ రోజొక్కటే.

మార్చి 8

డీకి చెప్పాను. మొత్తం. "నాకు కాదు చెప్పాల్సింది" అంది.

మార్చి 9

ముందు ఫిబ్రవరి 12 రాస్తాను. పేజీ అక్కడ ఖాళీగా లేదు కాబట్టి ఇక్కడే.

ఆ రోజు ఎల్డ్రిడ్జ్ తలుపు వేశాడు. "కోచ్, మీరు పెద్దవారు, మీ దగ్గర దాచను. కుస్తీ ఈ ఏడాదితో ఆగిపోతోంది. ఏప్రిల్‌లో ప్రకటిస్తాం. అందాకా కుర్రాళ్లకి తెలియనివ్వకండి. సీజన్ పాడవుతుంది."

"బోర్డు ఎప్పుడు తేల్చింది?"

"అక్టోబర్‌లో."

"అక్టోబర్‌లోనా? మరి నవంబర్‌లో నన్ను ఒప్పందం తెమ్మన్నావు కదరా!"

"ప్రయత్నించే అవకాశం అందరికీ ఇవ్వాలి కదా కోచ్."

వాణ్ణి కొట్టలేదు. అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని అనుకున్నాను. కాదు. కొట్టి ఉంటే వాళ్లు నన్ను అప్పుడే గెంటేసేవాళ్లు, ఊరంతా తెలిసేది, మైకా వెళ్లిపోయేవాడు.

తర్వాత వాడొక కాగితం తీశాడు. "ఆ బేకరీ వ్యవహారం అద్భుతంగా నడిపారు. మాకు అలాంటి మనిషి కావాలి. మీ పింఛను నిండేదాకా రెండేళ్లు ఆటగాళ్ల ఒప్పందాల సలహాదారుగా ఉండండి. గోడ అవతలే గది." నేను అవుననలేదు. కాదనీ అనలేదు. కాగితం సొరుగులో పెట్టాను. నోరు మూసుకోవడానికి నాకు చాలా కారణాలు దొరికాయి: సీజన్, కుర్రాళ్ల మనసు, పదకొండేళ్ల తర్వాత జాతీయ పోటీ. కాగితం సంగతి నాకు నేను చెప్పుకోలేదు.

ఇది దాచుకుని నెల రోజులుగా ఈ పుస్తకంలో అందరి మీదా మండిపడ్డాను. మధ్యాహ్నం గదికి వెళ్లి కుర్రాళ్లని మ్యాట్ మీద కూర్చోబెట్టాను. జట్టు లేదని చెప్పాను. ఎవరో బూతు తిట్టారు, ఎవరో నవ్వారు, నేను వేళాకోళమాడుతున్నాననుకుని.

మైకాది ఆ రోజు మ్యాట్ తుడిచే వంతు. తుడుపుకర్ర పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఫిబ్రవరి పన్నెండు."

పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. "పదిహేడున నేను మీ గదికి వచ్చాను."

"వచ్చావు."

"వాళ్ల కబురు సంగతి చెప్పాను. నీ ఇష్టం అన్నారు."

"అన్నాను."

"మొన్న గురువారం మూడో కోలాచ్ చేతిలో పట్టుకుని మీ వంక చూశాను."

"చూశావు."

"తలూపారు."

తప్పయిపోయిందిరా అన్నాను. ఆ మాట గదిలో ఎక్కడా ఆనలేదు. 

వాడు అరవలేదు. ముందు తన పని పూర్తి చేశాడు. గది ఈ చివర నుంచి ఆ చివర దాకా, గోడ దాకా, శుభ్రంగా తుడిచాడు. కర్ర మూల పెట్టాడు. తర్వాత తలుపు పక్క అర దగ్గరికి వెళ్లి నా నీలం షూలు తీశాడు. నేను ఈ రోజు అవి వేసుకోలేదు, మేజోళ్లతోనే నిలబడ్డాను. వాటిని మ్యాట్ నడిమధ్యకి తీసుకెళ్లి, లేసులు లోపలికి దోపి, పక్కపక్కన పెట్టాడు. ఇంకొకడి షూలు ఎవరూ ముట్టుకోరు.

"నాకింకో ఏడాది ఉంది కోచ్. ఎక్కడో తెలీదు, కానీ ఉంది" అన్నాడు. "ఇవి మీవి."

మార్చి 11

సొరుగులో కాగితం సంతకం లేకుండా ఎల్డ్రిడ్జ్ బల్ల మీద పెట్టి వచ్చాను. వాడు ఫోన్‌లో ఉన్నాడు, వేలెత్తి ఒక్క నిమిషం అన్నాడు. ఆగలేదు. పశ్చిమాన ఆ కోచ్‌కి ఫోన్ చేశాను. బతిమాలాను. ఖాళీ నిండిపోయిందన్నాడు. ఇంకా ఆరుగురికి చేశాను. ఒకడు చూస్తానన్నాడు. రేపు మళ్లీ చేస్తాను.

మార్టా దగ్గరికి వెళ్లి గ్లాసు సంగతితో మొదలుపెట్టి అంతా చెప్పాను.

పిండి పిసుకుతున్న చెయ్యి ఆపింది. "నాకు ముందే చెప్పి ఉంటే ఆ పిల్లాడి చేత ఒక్క ముక్కయినా తినిపించేదాన్నా, గెరిట్?"

లేదు. తినిపించేది కాదు. అది నాకు ఆ రోజే తెలుసు.

మార్చి 12

గది తాళాలు ఈ నెలాఖరు దాకా నా దగ్గరే. కుర్రాళ్లెవరూ రాలేదు. మ్యాట్ మీద దుమ్ము పడితే ఊరుకోలేను, నేనే తుడిచాను. గోడ అవతల ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. గుద్దలేదు.

షూలు వాడు పెట్టిన చోటే ఉన్నాయి. తీయబుద్ధి కాలేదు. వాటి చుట్టూ తుడిచి వచ్చేశాను.